నీళ్ళ దారి అమ్ముకున్నదెవరు?

చెరువు కింది కాలనీల జనమా, నాలా పక్క బస్తీల జనమా!

మబ్బు పట్టిందంటే ఊళ్ళో వాళ్ళు మిర్చి బజ్జీలు వేసుకుంటారు. మనం ఫ్రిజ్ కింద ఇటుకలు పేరుస్తాం.

పిల్లల సర్టిఫికెట్ల కవరు అటక మీదికి. రేషన్ బియ్యం డబ్బా మంచం మీదికి. మోకాళ్ళు పనిచేయని ముసలమ్మ పక్కింటి మేడ మీదికి. బండి మెయిన్ రోడ్డు మీద, ఎవరి షట్టరు ముందో. మెయిన్ స్విచ్ ఆపేసి, సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని, రాత్రంతా గుమ్మం వంక చూస్తూ కూచోవడం. ఇదేనా వానాకాలం అంటే? ఇది మన తలరాతా? మరి రాసిందెవరు?

వరద గుమ్మంలోంచి వస్తుందని టీవీలో చూసేవాళ్ళు అనుకుంటారు. మనకు తెలుసు. ముందు బాత్రూంలో గుడగుడమంటుంది. తర్వాత లెట్రిన్ బేసిన్‌లోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుకొస్తాయి. పోవాల్సిన డ్రైనేజీ వెనక్కి తిరిగింది! గుమ్మానికి అడ్డం వేసిన ఇసుక బస్తాలు వేసినట్టే ఉంటాయి, ఇల్లు లోపలి నుంచి నిండుతుంది. అందులో తేలేది మన ఇంటి మురుగు ఒక్కటే కాదు, పై కాలనీలన్నిటిదీ. ఆ నీళ్ళలోనే నిలబడి గ్యాస్ పొయ్యి ఎత్తాలి. అందులోంచే పసిపిల్లను భుజాన వేసుకుని నడవాలి. ఆడవాళ్ళు రెండు రోజులు మంచినీళ్ళు తాగడం మానేస్తారు. ఎందుకో చెప్పాలా?

నీళ్ళు తీశాక? సంపులో మురుగు కలిసింది. కడిగించాలి, డబ్బులు. మిషన్ మోటారు కాలింది, బ్లౌజులు కుట్టే అక్కకు పది రోజులు పనిలేదు. ఆటో ఇంజన్లోకి నీళ్ళు పోయాయి, మెకానిక్ చెప్పిన రేటుకు గుండె ఆగినంత పని. కిస్తీ మాత్రం ఆగదు. కూలికి పోయేవాళ్ళకు పోయిన రోజు పోయినట్టే. ఇంటి ఓనరుకు అద్దె మామూలే. పిల్లలకు వాంతులు, విరేచనాలు. గోడ మీద చెమ్మ సంక్రాంతి దాకా ఆరదు. ఈ లెక్క ఏ సర్వేలో రాశారు? ఏ అంచనాలో కలిపారు?

2020 అక్టోబరులో హైదరాబాద్ వరద గుర్తుందా? మరిచిపోయేదా అది! 13వ తారీకు రాత్రి. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. పల్లె చెరువు కట్ట తెగింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవేనే కోసుకుపోయింది. అది ఆరకముందే బాలాపూర్ గుర్రం చెరువు తెగింది, పాతబస్తీ కాలనీలు మునిగాయి. మన వైపు మీర్‌పేట మిథిలానగర్, సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్, సీసాల బస్తీ రోజుల తరబడి నీళ్ళలోనే. ఊరు మొత్తమ్మీద పదుల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత? సర్కారువాళ్ళు ఇంటికి పదివేల సాయమన్నారు. మీ సేవ ముందు తెల్లవారుజాము నుంచి లైను. లైనులో నిలబడ్డవాళ్ళకు తెలుసు, ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో. మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చింది, లైను ఆగింది. నీళ్ళలో మునిగింది మనం, ఓట్లలో తేలింది వాళ్ళు.

అన్నీ అయ్యాక ఒక మాట చెప్తారు. "ఏం చేస్తాం, వందేళ్ళలో పడని వాన పడింది."

అబద్ధం! వాన కొత్తదేం కాదు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజే 24 సెంటీమీటర్లు పడింది. అంతకు చాలా ముందు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి వేలమందిని మింగింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును అడగండి. నూటయాభై మంది దాకా ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెప్తారు. ఆ వరద తర్వాత నిజాం సర్కారు ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన చేసిందేమిటి? నష్టపరిహారం పంచి చేతులు దులుపుకోలేదు. నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయి, ఎటు పోతున్నాయి అని పైనుంచి కింది దాకా లెక్క తీశాడు. నీళ్ళను ఊరికి పైనే ఆపాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అదీ ప్లాను అంటే! ఇప్పుడున్న వాళ్ళకు శాటిలైట్లున్నాయి, డ్రోన్లున్నాయి, కన్సల్టెంట్లున్నారు. ఎవరికి బుద్ధి లేక మునుగుతున్నాం మనం?

ఒక్కసారి మన నీళ్ళు ఎటు పోవాలో చూడండి. మీర్‌పేట చెరువులు నిండితే సరూర్‌నగర్ చెరువుకు రావాలి. అది నిండితే చైతన్యపురి మీదుగా మూసీలో పడాలి. ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు అందుకుంటుంది. గొలుసుకట్టు చెరువులన్నది అందుకే. హైదరాబాద్ చుట్టూ ఇట్లాంటి గొలుసులు ఎన్నో. చెరువుకు చెరువుకు మధ్య ఉన్న కాలువే నాలా. దాన్ని మురిక్కాలువ అనడం మనకు అలవాటైంది గానీ, అది వాన నీళ్ళు నడిచే బాట. ఆ బాట కబ్జా పెట్టి అమ్ముకున్నారు. గజాల్లెక్కన! శిఖం భూమి అమ్ముకున్నారు. శిఖం అంటే చెరువు నిండితే మునిగే భూమి. మునిగే భూమికి ప్లాట్ నంబర్లు వేశారు, "లేక్ వ్యూ" అని బోర్డు పెట్టారు. వ్యూ ఎట్లా ఉంటుందో మొదటి వానకే తెలిసింది.

ఇంకో దగా చెప్తాను, ఇది చాలామంది పట్టించుకోరు. మన చెరువు ఎండాకాలంలో ఎందుకు నిండుగా ఉంటుంది? నీళ్ళున్నాయని సంతోషపడకండి! పాతకాలంలో చెరువు రోహిణి కార్తెకు అడుగంటేది. తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలేవారు, దానికి నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. ఏ మడికి ఎంత వదలాలి, ఎప్పుడు మూయాలి అన్నది ఆయన చేతిలో పని. అట్లా ఖాళీ అయిన చెరువు తొలకరి వానలను మొత్తం మింగేది. ఊళ్ళోకి చుక్క రానిచ్చేది కాదు. ఇప్పుడు పొలాలు లేవు. నీరటి లేడు. తూము పూడిపోయింది, చాలా చోట్ల దాని మీద కాంపౌండు గోడ లేచింది. 365 రోజులూ పై కాలనీల మురుగు చెరువులోకే. మే నెలలో కూడా చెరువు మత్తడి అంచు దాకా మురుగుతో నిండి ఉంటుంది. ఇక వాన ఎక్కడ పట్టాలి? పట్టదు. మొదటి గంటకే దూకుతుంది. మన మీదికే దూకుతుంది.

చెరువుకు ఫౌంటెన్లు పెట్టారు. రంగు లైట్లు పెట్టారు. "ఐ లవ్" అని పెద్ద అక్షరాలు పెట్టారు, సెల్ఫీలు దిగమన్నారు. అందంగా ఉంది, కాదనం. కానీ చుట్టూ రింగ్ బండ్ పేరుతో మట్టి పోసి చెరువునే లోపలికి నెట్టారే, ఆ తగ్గిన చోటు ఎవరిది? బండ్ అవతల మిగిలిన ఎండు నేల రాత్రికి రాత్రి ఎవరి ఖాతాలోకి పోయింది? దీని పేరు సుందరీకరణ. మురుగు లోపలికి రాకుండా మళ్ళించే పైపులైను మాత్రం ఇంకా "ప్రతిపాదనలో" ఉంది.

ఇక గల్లీలోకి రండి. ఒక పని చేయండి: ఏ పాత ఇంటి ముందైనా నిలబడి మెట్లు చూడండి. ఒకప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి రెండు మెట్లు ఎక్కేవాళ్ళు. ఇప్పుడు రెండు మెట్లు దిగుతున్నారు! ఇల్లు కుంగిందా? లేదు. రోడ్డు లేచింది. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ. ఎలక్షన్ ఎలక్షన్‌కు ఇంకో పొర. తవ్వితే కాంట్రాక్టరుకు ఖర్చు, తవ్వకపోతే లాభం. ఆ పొరలన్నీ కలిసి మన ఇళ్ళను గుంతలు చేశాయి. నీళ్ళకు రోడ్డు ఎత్తయింది, మన వంటిల్లు పల్లమైంది. గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడకు గోడ సిమెంటు. నీళ్ళు ఇంకే మట్టి లేదు. పార్కులో కూడా టైల్సే! చెట్టు మొదలు చుట్టూ కూడా గుక్కెడు నీళ్ళు దిగకుండా సిమెంటు కట్టేశారు. అందుకే వానాకాలం మునుగుతాం, ఎండాకాలం బోరు ఎండి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని కొట్లాడుకుంటాం. రెండు బాధలు కావు ఇవి. ఒక్కటే బాధ, ఏడాదికి రెండుసార్లు.

నాలా సంగతి సరే సరి. పైన వెడల్పు, కింద ఇరుకు. మెడ సన్నటి సీసాలోకి బిందెడు నీళ్ళు ఒంపినట్టు! పైన కాంట్రాక్టు దొరికిన చోట బాక్స్ డ్రైన్ కట్టేశారు. కింద ఎవరిదో పెద్దాయన షెడ్డు అడ్డం ఉంది, అక్కడ పని ఆగింది. పై నుంచి వేగంగా వచ్చిన నీళ్ళు ఆ ఇరుకు దగ్గర ఆగి, పక్కనున్న మన బస్తీలోకి తిరుగుతాయి. కట్టడం తప్పు కాదు, కట్టిన వరస తప్పు. నాలా పని కింది నుంచి పైకి రావాలి. మూసీ దగ్గర మొదలు పెట్టి ఎగువకు రావాలి. ఇది తెలియడానికి ఇంజనీరింగు చదవాలా? నాట్లు వేసిన ఏ రైతునడిగినా చెప్తాడు.

పూడిక తీత చూశారా? మే చివర్లో జేసీబీ వస్తుంది. ఫోటో దిగుతారు. తీసిన మట్టీ చెత్తా నాలా గట్టు మీదే కుప్ప పోస్తారు. లారీ రేపొస్తుంది అంటారు. రేపు రాదు, వాన వస్తుంది. కుప్ప మళ్ళీ నాలాలోకే జారుతుంది. బిల్లు మాత్రం జారదు, ఠంచనుగా పాసవుతుంది! అవును, మన చెత్త కవర్లూ నాలాలో ఉన్నాయి. పాత పరుపులు వేసినవాళ్ళూ మనలో ఉన్నారు. అది మానాలి, పక్కవాడు వేస్తే ఆపాలి. కానీ మన కవరును చూపించి వాళ్ళ షెడ్డును దాస్తే ఒప్పుకుంటామా?

మూత లేని నాలాలు ఎన్ని ప్రాణాలు తీశాయి! 2020 సెప్టెంబరులో సైకిలు మీద వెళ్ళిన పిల్ల నాలాలో పడి చనిపోయింది. అదే నెల సరూర్‌నగర్‌లో స్కూటీ మీద వెళ్తున్న మనిషి నాలాలో కొట్టుకుపోయి చెరువులో తేలాడు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్‌లో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయలుదేరిన చిన్నారి తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడింది. పాల ప్యాకెట్ కోసం! పేర్లు రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్రతి చావు తర్వాతా కొన్నాళ్ళు ఇనుప జాలీలు కట్టారు, ఇద్దరు కింది ఉద్యోగుల్ని సస్పెండ్ చేశారు. జాలీ తుప్పు పట్టేలోపు అందరూ మరిచిపోయారు. కన్నతల్లి మరిచిందా?

ఇప్పుడు చట్టం మాట. రూల్స్ లేవా? బ్రహ్మాండంగా ఉన్నాయి! 2012 నాటి బిల్డింగ్ రూల్స్ చూడండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల లోపు కట్టడం ఉండకూడదు. చిన్న చెరువైతే 9 మీటర్లు. 10 మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే భయపడే మాటేం కాదు. చెరువు మత్తడి దాకా నిండితే నీళ్ళు ఎక్కడి దాకా నిలుస్తాయో ఆ గీత. బఫర్ అంటే ఆ గీత అవతల వదిలే జాగా. అంతే! మరి ఆ గీత ఎక్కడుంది? మనలో ఎవరైనా చూశామా? చెరువులను కాపాడతామని 2010లోనే కమిటీ వేశారు. చాలా చెరువులకు ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్ళకేళ్ళు ఆగింది. తుది నోటిఫికేషన్ రానంత కాలం గీతను ఇటు జరపొచ్చు, అటు జరపొచ్చు. జరిపేది ఎవరు? జరిగితే లాభం ఎవరికి? మీకు చెప్పనక్కర్లేదు.

గీత జరగదు అనుకుంటే జీవోనే జరుపుతారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్లు, 84 ఊళ్ళు, పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. ఊరి నీళ్ళకు కాపలా అది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో ఇచ్చారు. విశ్వేశ్వరయ్య వరదను ఆపిన చోటే భూముల ధరలకు గేట్లు ఎత్తారు!

ఇక కూల్చివేతలు. చెరువులను విడిపించాలా? విడిపించాలి! కబ్జాలు పోవాలా? పోవాలి! ఇందులో మనకు రెండో మాట లేదు. 2024లో చెరువుల కబ్జాలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చింది, ఒకటి రెండు పెద్ద తలకాయల కట్టడాల మీదికీ బుల్డోజరు వెళ్ళింది, జనం చప్పట్లు కొట్టారు. కానీ అదే ఏడాది సెప్టెంబరులో మూసీ ఒడ్డున బస్తీల్లో ఏం జరిగింది? పొద్దున లేచేసరికి గోడ మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్. ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాని అవ్వ, గోడ మీద ఏం రాశారు నాయనా అని గల్లీ గల్లీ తిరిగి అడిగింది. నీ ఇల్లు పోతుందని ఏ నోటితో చెప్పాలి?

ఒక్క ప్రశ్న. ఆ ఇంటికి కరెంటు మీటరు ఇచ్చింది ఎవరు? నల్లా కనెక్షన్ ఇచ్చింది ఎవరు? ఏటా ఇంటి పన్ను కట్టించుకుంది ఎవరు? ఆ ఇంటి అడ్రసు మీదే ఓటరు కార్డు ఇచ్చి ఓటు గుంజుకుంది ఎవరు? 60 గజాలు నోటరీ కాగితం మీద కొన్నవాడు దొంగట! వెంచర్ వేసినవాడు? పర్మిషన్ ఇచ్చినవాడు? కళ్ళు మూసుకున్నవాడు? వాళ్ళ గోడల మీద ఎర్ర రంగు ఎక్కడ? పేదవాడి ఇల్లు కూల్చే ముందు, దగ్గర్లో, పిల్లల బడికీ పనికీ అందే దూరంలో ఇల్లు చూపించాలి. ఊరి అవతల ఎక్కడో ఫ్లాటు తాళం చేతిలో పెడితే ఇళ్ళల్లో పనిచేసే అమ్మ తెల్లారి పనికి ఎట్లా రావాలి? వచ్చే జీతం బస్సు చార్జీలకు చాలుతుందా?

పని జరిగితే ఎట్లా ఉంటుందో కూడా చూశాం. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట. చెత్తా మట్టీ నింపి కుంటే లేదన్నారు. తవ్వారు. కొన్ని అడుగులు తవ్వగానే నీళ్ళు ఊరాయి! 2025లో మళ్ళీ ఆడబిడ్డలు అక్కడ బతుకమ్మ ఆడారు. అదే సెప్టెంబరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఒకే ఊరు, ఒకే నెల. కుంటను బతికిస్తే ఏమవుతుందో, నదిని ఇరికిస్తే ఏమవుతుందో రెండూ కళ్ళ ముందే జరిగాయి. ఇంకా ఏం రుజువు కావాలి?

మనం ఎవరి దగ్గరికి పోయినా ఒకటే కథ. మున్సిపాలిటీనడిగితే ఇరిగేషన్ అంటారు. ఇరిగేషన్‌నడిగితే రెవెన్యూ సర్వే కావాలంటారు. రెవెన్యూనడిగితే మాస్టర్ ప్లాన్ చూసుకోమంటారు. మాస్టర్ ప్లాన్! మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పరిధి 2025 దాకా 7,257 చదరపు కిలోమీటర్లు ఉండేది. అంత ఊరికి గీత గీసేటప్పుడు మీ గల్లీకి ఎవరైనా వచ్చి "అమ్మా, మీ ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి" అని అడిగారా? ఫ్లెక్సీల మీద సుస్థిర నగరం, విశ్వ నగరం. కాగితం మీద రాజ్యాంగం కూడా మన వైపే ఉంది. 1992 నాటి 74వ సవరణ ప్రకారం 3 లక్షల జనం దాటిన ఊళ్ళో వార్డు కమిటీలుండాలి. మహానగరానికి ప్లానింగ్ కమిటీ ఉండాలి, అందులో మూడింట రెండొంతుల మంది జనం ఎన్నుకున్న ప్రతినిధుల నుంచే రావాలి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? అది ఎప్పుడు కూచుందో తెలుసా? అడుగుదాం! నిలదీద్దాం!

ఏడ్చింది చాలు. ఇప్పుడు చేయాల్సింది వినండి.

ఆఫీసర్లు వాళ్ళ గీత చూపించరు. మన గీత మనమే గీద్దాం! నీలి రంగు డబ్బా, ఒక కుంచె. మీ ఇంటి గోడ మీద 2020లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ అడ్డంగా నీలి గీత. పక్కన ఏడాది రాయండి. ఆ తర్వాత వచ్చిన ప్రతి వరదకూ ఇంకో గీత. ఇంటి గోడ, బడి గోడ, కిరాణా కొట్టు షట్టరు పక్కన. కరెంటు స్తంభాల జోలికి మాత్రం పోకండి. మరకలు మాసిపోయి ఉంటే పాతవాళ్ళను అడగండి, ఫోన్లలో ఫోటోలు తీయండి, ఆ రోజు తీసిన వీడియోలు తీసుకురండి. చూడండి అప్పుడు! ఏ ఆఫీసరు గల్లీలోకి వచ్చినా ఆ గీతలే ముందు పలకరిస్తాయి. ఏ మ్యాపులో లేని నిజం గోడ మీద ఉంటుంది.

కొంతమంది ఓనర్లు గొణుగుతున్నారు. "గీత గీస్తే ఇంటి రేటు పడిపోతుంది, అద్దెకు ఎవరూ రారు." అన్నా, నీ భయం మాకు అర్థమవుతుంది. జీవితమంతా పొదుపు చేసి కట్టుకున్న ఇల్లు. కానీ వరద వీడియోలు ఊరంతా చూసింది. రేటు ఎప్పుడో పడింది. పెరగాలంటే నీళ్ళు రావడం ఆగాలి. నువ్వు కొన్నప్పుడు ఎవరైనా ఇట్లా గీత గీసి ఉంటే ఆ బ్రోకరు మాట నమ్మేవాడివా?

రెండోది కాగితం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. 10 రూపాయల ఫీజు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏం అడగాలి? మన చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, తుది నోటిఫికేషన్ అయిందా లేదా, అయితే తారీకు. నాలా పాత సర్వేలో ఎంత వెడల్పు, ఇప్పుడు ఒక్కో కల్వర్టు దగ్గర ఎంత వెడల్పు. పోయిన మూడేళ్ళు పూడికతీతకు ఎంత ఖర్చు పెట్టారు, తీసిన మట్టి ఎక్కడ పోశారు. చెరువులోకి మురుగు వదులుతున్న పైపులు ఎన్ని. రాయడం రాదని ఎవరూ వెనక్కి పోవద్దు. డిగ్రీ చదివే పిల్లలున్నారు మన గల్లీల్లో, కట్ట మీదే కూచుని రాసిపెడతారు. సోమవారం ప్రజావాణికి పది గల్లీల జనం కలిసి పోదాం. ఒక్కడు పోతే అర్జీ, వందమంది పోతే సమాధానం చెప్పాల్సిందే.

మన డిమాండ్లు మెత్తగా ఉండవు. చెరువులోకి మురుగు ఆపండి, వానలకు ముందు నీళ్ళు దించండి, తూము బాగుచేయండి. నాలాను కింది నుంచి పైకి వెడల్పు చేయండి, పెద్దాయన షెడ్డు మొదలుకొని. కొత్త సీసీ వేసే ముందు పాతది తవ్వండి, లేకపోతే మా గల్లీలో మిక్సరు లారీ తిరగదు! ఎఫ్‌టీఎల్ మ్యాపు ప్రతి వార్డు ఆఫీసు గోడకు, తెలుగులోనూ ఉర్దూలోనూ, అందరూ చూసేటట్టు అతికించండి. ఇల్లు తీయాల్సి వస్తే ముందు ఇల్లు చూపించండి, తర్వాత మాట్లాడండి.

ఆదివారం నాలా వెంట నడుద్దాం. ఇది ఏ పార్టీ మీటింగూ కాదు. కుర్చీలు వేయం, దండలు వేయం. కార్పొరేటరు రావచ్చు, మాతో పాటు నడవాలి. నాలా కంపు ఆయనా పీల్చాలి. కాలనీవాళ్ళు వేరు, బస్తీవాళ్ళు వేరు అని ఇన్నాళ్ళు మనల్ని విడదీశారు. కాలనీ అసోసియేషన్ వాళ్ళు "బస్తీ అడ్డం వల్లే మాకు నీళ్ళు" అన్నారు, బస్తీవాళ్ళు "కాలనీ మురుగు మా ఇళ్ళల్లోకి" అన్నారు. కాలనీవాళ్ళారా, 2020లో మీ మొదటి అంతస్తులో తలదాచుకుంది బస్తీ అమ్మలే కదా! మీ వాచ్‌మన్‌ను, మీ పనిమనిషిని, మీ ఆటో డ్రైవర్‌ను గుర్తు తెచ్చుకోండి. బక్కెట్లతో మీ సెల్లార్ నీళ్ళు ఎత్తిపోసింది ఎవరు?

ఆదివారం పొద్దున 7 గంటలకు చెరువు కట్ట మీద, కట్ట మైసమ్మ గుడి దగ్గర అందరం కలుద్దాం. అక్కడి నుంచి నాలా వెంట కిందికి, మూసీ దాకా నడక. ప్రతి కల్వర్టు దగ్గర టేపు పెట్టి కొలుద్దాం, ఫోటో తీద్దాం, రాసుకుందాం. నడవలేని పెద్దవాళ్ళు కట్ట మీదే కూచుని తూము ఎక్కడుండేదో, మత్తడి ఎక్కడుండేదో, పాత నాలా ఏ ఇంటి కింది నుంచి పోయిందో పిల్లలకు చెప్పండి. ఆ ముక్క ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరకదు. తేవలసినవి: వరద ఫోటోలు, ఇంటి పన్ను రసీదు జిరాక్సు, కొలత టేపు, మంచినీళ్ళ సీసా, పాత చెప్పులు. పిల్లల్ని నాలా అంచుకు పోనివ్వకండి.

ఈ కాగితం చదివాక పారేయకండి, పక్కింట్లో ఇవ్వండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి. ఉర్దూలో కూడా అచ్చు వేయిస్తున్నాం, అడిగి తీసుకోండి.

ఆ రోజు వాన పడితే? వాయిదా లేదు! వాన పడితే ఇంకా మంచిది. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో, ఎవరి గోడకు కొట్టుకుంటున్నాయో చూపించడానికి వేరే మ్యాపు అక్కర్లేదు. గొడుగులు తెచ్చుకోండి.

చెరువు కింది కాలనీలు, నాలా పక్క బస్తీల జనం